సాక్షిని వదలని మనిషి

ఆవిడ పోయిందన్న కబురు కోడలు ఫోనులో చూసి చెప్పింది. అప్పుడు నేను చింతపండులో గింజలు తీస్తున్నాను.

"అత్తయ్యా, పక్కింటి ఆంటీ పోయారట. హామిల్టన్ నుంచి వాళ్ళమ్మాయి మెసేజ్ పెట్టింది."

నేను చెయ్యి ఆపలేదు. గింజలన్నీ అయ్యాక లేచి చేతులు కడుక్కుని, "మొండిఘటం" అన్నాను.

కోడలు వింతగా చూసింది. "పోయినవాళ్ళని అలా అంటారా ఎవరైనా?"

"బతికుండగా మొహం మీదే అన్నాను. ఇప్పుడు కొత్తగా మర్యాదేంటి?"

కొడుకు ఉద్యోగం కోసం ఈ దేశం వచ్చి మేముంటున్న పాపటోయిటోయి పేటలో మా పెరడుకీ ఆవిడ పెరడుకీ మధ్య చెక్కల కంచె ఒకటే అడ్డం. ఆవిడ మావొరీ మనిషి. తెల్లవాళ్ళు రాకముందు నుంచీ ఈ నేల మీద ఉన్న జాతి. వీధిలో చిన్నాపెద్దా అందరూ ఆవిడను ఆంటీ అనేవారు. పెద్దవాళ్ళను అలా పిలవడం వాళ్ళలోనూ ఉందట, మనలాగే. నాకన్నా కాస్త పెద్దదని నేను అక్కా అన్నాను. అంటే ఏమిటని అడిగి తెలుసుకుని, అప్పటినుంచి నన్ను "తేయినా" అని పిలవడం మొదలుపెట్టింది. ఆడదానికి చెల్లెలయితే వాళ్ళ భాషలో ఆ మాటేనట. నా ఇంగ్లీషు కూరగాయల కొట్టులో నేర్చుకున్న ఇంగ్లీషు. ఆవిడ ఇంగ్లీషు నిదానం. మిగిలింది చేతులతో సరిపెట్టుకునేవాళ్ళం.

ఆవిడ ఏ ఉద్యోగం చేసిందో, మొగుడు ఎప్పుడు పోయాడో నాకు సరిగ్గా తెలియదు. నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. నాకు తెలిసింది ఆవిడ కళ్ళు మూసుకోవడం. అన్నం ముందు మూసుకుంటుంది, కారు కదిలే ముందు మూసుకుంటుంది, చేపల డబ్బా మూత తీసే ముందు కూడా మూసుకుంటుంది. అరచేతిని బల్ల మీద వెల్లకిలా పెట్టి, పెదవులు కదలకుండా ప్రార్థన. అది ఎంతసేపో ఎవరికీ తెలియదు. నేను పెట్టిన టీ ఆవిడ ముందు ఎన్నిసార్లు చల్లారిపోయిందో. పాలు వేస్టు, పంచదార వేస్టు.

"అక్కా, దేవుడు వేడి టీ తాగనివ్వడా?" అని ఒకసారి అడిగేశాను.

ఒక కన్ను తెరిచింది. "ఆయన తాగనిస్తాడు. నేనే ఆయన్ని ముందు తాగమంటున్నాను."

నేనూ మూడో తరగతి దాకా మిషన్ బడిలో చదివినదాన్నే. అక్కడి టీచరమ్మ పాలపొడి కలిపి గ్లాసుల్లో పోసి, తాగేముందు కళ్ళు మూసుకోమనేది. నేను ఒక కన్ను తెరిచి నా గ్లాసును కనిపెట్టుకుని ఉండేదాన్ని. ప్రార్థనతో నా సంబంధం అంతవరకే. తరవాత పెళ్ళి, మా దేవుళ్ళు, మా నోములు. అందుకని ఆవిడ భక్తి చూసి నాకేమీ పూనకం రాలేదు. కానీ ఆవిడలో ఇంకో గుణం ఉంది. దాన్ని నేను ఇంకెవరిలోనూ చూడలేదు.

ఆవిడ మాట ఇవ్వదు.

"రేపు వస్తావా అక్కా" అంటే, వస్తాను అని అనగా నేను ఎప్పుడూ వినలేదు. "రేపు తలుపు తడితే తియ్యి" అనేది. తప్పకుండా వచ్చేది, అది వేరే సంగతి. సంతకం కూడా పెట్టదు. కొరియరు మనిషి పార్సెలు తెచ్చి, చేతిలో మిషను ముందుకు చాపి గీత గియ్యమంటే, చేతులు వెనక్కి పెట్టుకునేది. "నా వస్తువు నాకివ్వడానికి నా గుర్తెందుకు?" అతను పార్సెలు వెనక్కి తీసుకుపోయేవాడు. చూసి చూసి నేనే కంచె దగ్గరకెళ్ళి ఆవిడ బదులు గీసేసేదాన్ని, తెలుగులో నా పేరు. అతనికి ఏదైతేనేం. నేను గీస్తున్నంతసేపూ ఆవిడ మొహం అటు తిప్పుకునేది, నేనేదో చూడరాని పని చేస్తున్నట్టు.

ఎందుకంత పట్టింపని అడిగితే, ఒక మధ్యాహ్నం ఉల్లికాడలు తరుగుతూ చెప్పింది. నూట ఎనభై ఏళ్ళ కిందట తెల్లరాణి మనుషులు, మీ నేల మీకే ఉంటుందని మాటిచ్చి వైతంగి ఒప్పందం తెచ్చినప్పుడు సంతకాలు పెట్టిన మావొరీ పెద్దల్లో ఆవిడ ముత్తాత తండ్రి కూడా ఉన్నాడట. ఆయన మొహం నిండా పచ్చబొట్టు. ఆ పచ్చబొట్టులోంచి ఒక మెలికను కాగితం మీదికి దింపాడట. అదే ఆయన సంతకం.

"పేరు కాదు తేయినా. మొహం. మొహంలో ముక్క కోసి ఇచ్చాడు" అంది. కత్తి పక్కనపెట్టి తన చెంప మీద వేలితో ఆ మెలిక గీసి చూపించింది. తరవాత మళ్ళీ ఉల్లికాడలు.

ఫిబ్రవరిలో ఆ ఒప్పందం పేరు మీద ఇక్కడ సెలవు. ఒక ఏడాది ఆ రోజున ఆవిడను భోజనానికి పిలిచాం. టీవీలో తెల్లవారుజామున జరిగిన ప్రార్థన మళ్ళీ చూపిస్తున్నారు. మంత్రులు, పాదిరీలు, మావొరీ పెద్దలు, అందరూ తలలు వంచుకుని ఉన్నారు. మా వాడు సాఫ్ట్‌వేరు ఉద్యోగి, వాదన దొరికితే అన్నం కూడా మరిచిపోతాడు.

"ఇదేంటి ఆంటీ, ఈ దేశం సెక్యులర్ కదా? పార్లమెంటులో ప్రార్థన చదువుతారు, జాతీయగీతంలో దేవుణ్ణి పిలుస్తారు. చట్టంలో చూస్తే ఏ మతమూ లేదు. అలవాటు, అంతే కదా?"

ఆవిడ అప్పటికి కళ్ళు తెరిచింది. పప్పు చల్లారిపోయింది.

"ఒప్పందం నాడు మా వాళ్ళకు చట్టం ఏం తెలుసు నాయనా? రాణి ఎవరో తెలియదు. ఆమె ఊరు ఏ దిక్కున ఉందో తెలియదు. మా మధ్య ఉన్నది పాదిరీలు. మా భాష నేర్చుకున్నారు, మా పిల్లలకు చదువు చెప్పారు. సంతకం పెట్టొచ్చా అని మావాళ్ళు వాళ్ళను అడిగారు. పెట్టండి, ఇది దేవుడి ముందు ఒట్టు లాంటిదన్నారు. దేవుడి పేరు చెప్పే మనిషి అబద్ధం చెప్పడని మావాళ్ళు పెట్టారు. నువ్వు ఈ దేశం పునాది తవ్వి చూడు. చట్టం దొరకదు. పాదిరీ మొహం దొరుకుతుంది."

"అయితే వాళ్ళు మోసం చేశారన్నమాట."

"చాలామంది నమ్మే చెప్పారు. మంచివాళ్ళే. అదే బాధ. చెప్పినవాళ్ళు ఒకళ్ళు, నిలబెట్టుకోవాల్సినవాళ్ళు ఇంకొకళ్ళు అయిపోయారు. భూమి పోయింది, భాష పోబోయింది."

మా వాడు ఊరుకోడుగా. "అలాంటప్పుడు ఆ దేవుణ్ణి మీరెందుకు పట్టుకున్నారాంటీ? వాళ్ళ దేవుణ్ణి వాళ్ళకిచ్చేసి పొమ్మనచ్చుగా."

ఆవిడ పప్పన్నం కలుపుకుంది, చేత్తోనే. మా ఇంట్లో ఆవిడ చెంచా ముట్టేది కాదు. "ఆయన్ని సాక్షిగా నిలబెట్టారు నాయనా. ఆయన మాట తప్పలేదు, మాట విన్నాడు. ఉన్న ఒక్క సాక్షినీ పొమ్మంటే నా కేసు ఏమవుతుంది?"

"చట్టంలో లేని కేసు ఎప్పటికి గెలుస్తారాంటీ" అన్నాడు మా వాడు, వెటకారం లేకుండానే. ఆవిడ మజ్జిగ పొయ్యమని నావైపు చెయ్యి చాపింది. వాడి ప్రశ్నలో న్యాయం ఉందని నాకిప్పటికీ అనిపిస్తుంది.

ఆవిడకు మా వీధి చివర ఒక చర్చి ఉండేది. ఆవిడకు అని ఎందుకంటున్నానంటే, ఆ చోటు ఆవిడ తాత ఇచ్చింది. ప్రార్థన జరిగినన్నాళ్ళు ఉంచుకోండి అని పై చర్చివాళ్ళకు ఇచ్చాడట, ఆ షరతు మాత్రం నోటిమాటే, కాగితంలో లేదు. చెక్క గోడలు, రేకు కప్పు, మన ఊళ్ళో రైసుమిల్లు ఆఫీసంత ఉంటుంది. చలికాలంలో ఒక ఆదివారం నన్ను రమ్మంది. వెళ్ళాను. ఎందుకు వెళ్ళానంటే అక్కడ హీటరు ఉంది. ఇంట్లో పగలు హీటరు వేస్తే నాకు ప్రాణం పోయినట్టుంటుంది. వెనక బెంచీ మీద కూర్చుని వత్తులు చేసుకునేదాన్ని. ఎవరూ ఏమీ అనలేదు. ప్రార్థన అయ్యాక టీ, రొట్టె ముక్క. అలా ఒక చలికాలం అలవాటు ఎండాకాలానికీ పాకింది.

వచ్చేవాళ్ళు తగ్గిపోతున్నారు. ఆవిడ, సమోవా దీవుల నుంచి వచ్చిన కొందరు ముసలివాళ్ళు, ఫిజీ ఇండియన్ భార్యాభర్తలు, రిటైరయిన పాదిరీ ఒకాయన. పై ఆఫీసు నుంచి మాట వచ్చింది. సొంత సభ్యులు పదిమందైనా లేని చర్చిని నడపలేం, మనిషిని పంపించి చూస్తాం, లేకపోతే మూసేసి స్థలం అమ్మేస్తాం అని. పాపం వాళ్ళను మాత్రం ఏమంటాం, కప్పు కారుతోంది, బాగు చెయ్యడానికి ఎవరున్నారు. కానీ ఆ వారం ఆవిడ మనిషి మనిషిలా లేదు. పెరట్లో బట్టలు ఆరేస్తూ మధ్యలో ఆగిపోయేది, తడి దుప్పటి చేతిలో అలాగే ఉండేది. ఆవిడకు చర్చి పోతుందన్న దిగులు ఒక్కటే కాదు. తాత షరతు పెట్టి ఇచ్చాడు. ప్రార్థన ఆగింది మీ వైపునే అని రేపు వాళ్ళు అంటే, ఈసారి మాట తప్పినవాళ్ళు ఆవిడ మనుషులే అవుతారు.

లెక్క వేస్తే తొమ్మిదిమంది తేలారు. నేను కలిస్తే పది.

ఇంట్లో చెప్తే కోడలు నవ్వింది. "అయితే ఇంకేం అత్తయ్యా, అడిగితే 'యెస్' అనేసి వచ్చెయ్యండి. మీకు డాక్టరు దగ్గరయినా, బ్యాంకులో అయినా వచ్చేది ఆ ఒక్క మాటేగా."

"అంటాను. నాదేం పోయింది?" అన్నాను. నిజంగానే నాదేం పోయింది. నేను అవునన్నంత మాత్రాన మా వెంకటేశ్వరస్వామి అలుగుతాడా? ఒక ముసలిదాని గూడు నిలబడుతుందంటే ఆయనే అనమంటాడు.

ఆ ఆదివారం ఆఫీసు నుంచి ఒకామె వచ్చింది. నడివయసు తెల్లామె, మెత్తని మనిషి, గొంతు కూడా మెత్తనే. ప్రార్థన అయ్యేదాకా మాతో పాటే కూర్చుంది. తరవాత ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి చెయ్యి పట్టుకుని పలకరించింది. చివరికి నా దగ్గరికి వచ్చి వంగింది.

"మీరు ఈ సంఘం మనిషేనా అమ్మా?"

"యెస్" అన్నాను, గట్టిగా.

ముందు బెంచీలోంచి ఆవిడ లేచింది. మోకాళ్ళ నొప్పి మనిషి, బెంచీ పట్టుకుని లేవడానికి చాలాసేపు పట్టింది. అంతసేపూ అందరం ఎదురుచూశాం.

"కాదు" అంది. "ఆమె నా చెల్లెలు. హిందువు. నేను పిలిస్తే వస్తోంది. ఆమెను కలపొద్దు."

నా ఒళ్ళు మండిపోయింది. ఆఫీసామె నా మొహం చూసింది, ఆవిడ మొహం చూసింది. ఆమెకూ ఈ చర్చి మూయాలని లేదు, ఆ మాట కళ్ళలో తెలుస్తూనే ఉంది.

"ఆంటీ, ఆవిడ అవునన్నారు. నాకు అది చాలు" అంది నెమ్మదిగా.

"నీకు చాలుతుందమ్మా" అంది ఆవిడ. గొంతు పెంచలేదు. "అప్పుడూ చాలింది. మా పెద్దాయన గుర్తు పెట్టాడు, మీవాళ్ళకు చాలింది. ఆయన ఏమనుకుని పెట్టాడో ఎవరూ అడగలేదు. ఆయన ముందు," అంటూ తలతో సిలువ వైపు చూపించింది, "మళ్ళీ అలాంటిది నా చేత్తో జరగనివ్వను."

ఫిజీ అతను "ఆంటీ, ప్లీజ్" అన్నాడు. సమోవా ముసలాయన తల కిందికి దించుకున్నాడు. ఆఫీసామె టీ తాగకుండానే వెళ్ళిపోయింది.

ఇంటికి నడుస్తూ దారంతా తిట్టాను, సగం తెలుగులో. "నీకు బుర్ర ఉందా అక్కా? ఒక్క మాట. దానికేం ఖర్చు?"

ఆవిడ కర్ర ఆనించి ఆగింది. మా నెత్తి మీంచి విమానం దిగుతోంది, ఎయిర్‌పోర్టు దగ్గరే కాబట్టి అక్కడ మాట వినిపించదు. అది పోయేదాకా ఆగి, కర్రతో వీధిని ఈ కొస నుంచి ఆ కొస దాకా చూపించింది. ఇళ్ళు, కొట్లు, రోడ్డు, అవతల గోడౌన్లు.

"ఇదంతా తేయినా" అంది. "ఇదంతా ఒక మాట ఖర్చే."

నేను ఒప్పుకోలేదు. ఈరోజుకీ ఒప్పుకోను. ఎవడో చెప్పిన అబద్ధానికి మన గూడు మనం కూల్చుకుంటామా?

చర్చి మూసేశారు. చివరి రోజున పై నుంచి పెద్ద పాదిరీ వచ్చి, ఇకనుంచి ఇది మామూలు కట్టడమని చదివాడు. అందరూ ఆమెన్ అన్నారు. ఆవిడ పెదవి కదపలేదు. బెంచీలు ఎవరికి కావాలంటే వాళ్ళు తీసుకోమన్నారు. నేను ఒకటి అడిగి తెచ్చుకున్నాను, మంచి చెక్క, పారెయ్యడమెందుకు. పెరట్లో వేశాను. ఆవిడ మా పెరట్లోకి వస్తే వాచిన మోకాళ్ళతో గడ్డి మీద కూలబడేది గానీ దాని మీద కూర్చోలేదు.

ఏడాది తిరక్కుండా ఆ స్థలంలో రెండంతస్తుల ఇళ్ళు లేచాయి, అగ్గిపెట్టెలు నిలబెట్టినట్టు.

ఆ తరవాత ఒక రోజు మా వంటింట్లో ఆవిడ ముందు టీ పెట్టాను. చల్లారుతుంది, తెలుసు, అందుకని సగం కప్పే పోశాను. ఆవిడ కప్పు ఎత్తి తాగేసింది. వేడివేడిగా. కళ్ళు మూసుకోలేదు. నా కప్పు నా చేతిలో ఆగిపోయింది.

"అక్కా, ప్రార్థన?"

"నువ్వు చెప్పు."

"నాకు రాదుగా."

"అయితే తాగు" అంది.

అంతే. అలిగిందో, అలిసిపోయిందో, సాక్షి కూడా వదిలేసి పోయాడని అనుకుందో నేను అడగలేదు. అడిగితే ఆవిడ నిజమే చెప్తుంది. వినాలని నాకు లేదు. కొన్నాళ్ళకు కూతురు వచ్చి హామిల్టన్ తీసుకెళ్ళింది. కారెక్కేటప్పుడు మళ్ళీ ఎప్పుడొస్తావక్కా అన్నాను. తలుపు తడితే తియ్యి అని కూడా అనలేదు.

శవాన్ని ఇక్కడికే తెచ్చారు. సముద్రపు పాయ పక్కన వాళ్ళ వంశం వాళ్ళంతా చేరే పెద్ద ఇల్లుంది. మట్టి చేసేదాకా అక్కడే ఉంచి, రాత్రీ పగలూ పక్కన మనుషులు కూర్చుంటారట. కోడలు నన్ను కారులో తీసుకెళ్ళింది. గుమ్మంలో చెప్పులు విప్పాం. లోపల ఆడవాళ్ళు నల్లబట్టల్లో, తలలకు పచ్చటి ఆకులు చుట్టుకుని పరుపుల మీద కూర్చున్నారు. పెట్టె మూత తీసి ఉంది. పోయినవాళ్ళ ఫొటోలు చుట్టూ పేర్చారు, వాళ్ళు కూడా వచ్చినట్టు. వాళ్ళ ఆచారం ఏమిటంటే, వచ్చినవాళ్ళు పోయిన మనిషితోనే మాట్లాడాలి. వింటోందన్నట్టే. పొగడాలనేం లేదు. ఒకాయన, చిన్నప్పుడు నా చెవి మెలిపెట్టావు, ఇప్పటికీ నొప్పేనని దెబ్బలాడాడు. అందరూ నవ్వారు, నవ్వుతూనే ఏడ్చారు.

నా వంతు వచ్చింది. దగ్గరకెళ్ళి చూశాను. కళ్ళు మూసుకునే ఉంది. తెలుగులోనే మొదలుపెట్టాను.

"అక్కా, ఆ రోజు నేను అవునన్నాను. వచ్చినామె సరేనంది. నువ్వు కూర్చున్నచోటే కూర్చుని ఉంటే సరిపోయేది. మీ తాత ఇచ్చిన చోటు ఉండేది. ఆదివారం పూట నీకంటూ ఒక గుమ్మం ఉండేది. ఇవాళ అక్కడ ఎవరెవరో కార్లు పెట్టుకుంటున్నారు. నీ నిజం నీకేం పెట్టింది చెప్పు? నాతో కూడా చెప్పకుండా పోయావు. నువ్వు చేసింది తప్పు. నేను వంద మందిలోనైనా అదే అంటాను."

గొంతు నేననుకున్న దానికన్నా పైకి లేచింది. పెట్టె పక్కన కూర్చున్న కూతురు తలెత్తి కోడల్ని అడిగింది, మీ అత్తగారు ఏమన్నారని.

కోడలు నా చెవిలో, "'మంచి మనిషి, మీరంటే మాకు ప్రాణం' అన్నారని చెప్పేస్తాను అత్తయ్యా" అంది.

"నేనన్నది చెప్పు."

"వాళ్ళంతా ఏడుస్తుంటే ఎలా..."

"ఉన్నదున్నట్టు చెప్పు. ఒక్క ముక్క తగ్గించావంటే ఊరుకోను."

చెప్పింది. తడబడుతూ, నేలచూపులు చూస్తూ, మొత్తం చెప్పింది. నన్ను బయటికి పొమ్మంటారనుకున్నాను. కూతురు తల్లి నెరిసిన జుట్టును వేళ్ళతో సరిచేసింది.

"మేమూ అదే అన్నాం ఆంటీ" అంది. "నేను అన్నాను. తమ్ముడు అన్నాడు. చర్చివాళ్ళంతా ఇంటికొచ్చి అన్నారు. అమ్మ వైపు ఒక్కళ్ళం కూడా నిలబడలేదు."

నా దగ్గర ఇంకా కొన్ని మాటలున్నాయి, దారిపొడవునా కూడబెట్టుకున్నవి. ఎవరో జరిగి పరుపు మీద చోటిచ్చారు. పెట్టె అంచు పట్టుకుని కూర్చున్నాను. చెక్క చల్లగా ఉంది.

కాసేపటికి కోడలు కారు తాళాలు చేతిలో తిప్పుతూ వచ్చి, "వెళ్దామా అత్తయ్యా? ఇంటికెళ్ళి తలస్నానాలు చెయ్యాలి" అంది.

"నువ్వెళ్ళు. మట్టి చేసేదాకా నేను ఉంటాను" అన్నాను.